మొదటి శుక్రవారం ఫోను

నేను పరాయి దేశంలో హాస్టల్లో ఉండి చదువుకున్నానంటే అందరూ లండనో ఆస్ట్రేలియానో అనుకుని కళ్లు పెద్దవి చేస్తారు. కోరుట్ల అనగానే నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం పోయింది! నేను పుట్టింది మస్కట్‌లో. తొమ్మిదేళ్లు నిండేదాకా అదే నా ఊరు. పాస్‌పోర్టు మీద మూడు సింహాలున్నాయి గానీ, బొంబాయిలో విమానం దిగి బయటికొచ్చిన రోజు వెంట ఉన్న బాపు, అదే మా నాన్న, తప్ప ఈ దేశంలో నాకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. పరాయి దేశమంటే అంతకంటే ఏముంటుంది?

మా బాపు సిరిసిల్ల మనిషి. మగ్గాన్ని నమ్ముకుంటే పూట గడవదని తెలిశాక కుట్టుమిషన్ నేర్చుకుని మస్కట్‌లో ఒక దర్జీ దుకాణంలో చేరాడు. పాత యజమాని మంచివాడు, అమ్మను కూడా తెచ్చుకోనిచ్చాడు. తర్వాత దుకాణం చేతులు మారింది. కొత్తాయనకు దర్జీ కావాలి గానీ దర్జీ పెళ్లాం, పిల్ల ఎందుకు? మా ఇద్దరి వీసాలు రద్దయ్యాయి. అమ్మ ఒక అరబ్బు ఇంట్లో వంటపనికి కుదిరి, ఆ ఇంటివాళ్లు ఇచ్చిన వీసా మీద అక్కడే ఉండిపోయింది. బాపు మగవాళ్లంతా కలిసుండే గదికి మారాడు. ఇక మిగిలింది నేను. ఆ ఇంట్లో నాకు చోటు లేదు, ఈ గదిలోనూ లేదు.

అందరూ కలిసి ఊరికి రావచ్చు కదా అని మీరు అడుగుతారని నాకు తెలుసు. వచ్చి ఏం తినాలి? బాపు నన్ను వెంటబెట్టుకుని సిరిసిల్లలో దిగినప్పుడు పెద్దబాపు ఇంట్లో సాంచాలు, అదే మరమగ్గాలు, నడిచినంతసేపు నడుస్తూ ఆగినంతసేపు ఆగుతూ ఉన్నాయి. ఒకటే గది, నలుగురు పిల్లలు. ఆ రాత్రి సాంచాలు నడిచాయి. మస్కట్‌లో ఏసీ చప్పుడు లేకుండా నిద్రపోయి ఎరగని నేను ఆ టకటకల్లో హాయిగా నిద్రపోయి, ఈ దేశం ఫర్వాలేదు అనుకున్నాను. మర్నాడు బాపు జగిత్యాలలో ఒక రేకు పెట్టె కొని, మూత మీద నా పేరు రాయించి, నన్నూ పెట్టెనూ కలిపి కోరుట్ల హాస్టల్లో దింపేశాడు.

గేటు దగ్గర నా ముందు గొంతుక్కూర్చుని చెప్పాడు. "నెలకోసారి, మొదటి శుక్రవారం ఫోన్ జేస్తం. మీ అమ్మకు గా రోజే సుట్టి. ఫోన్ల ఏడ్వద్దు బిడ్డ. ఎట్లున్నవంటే మంచిగున్న అనాలె. సమజైందా?"

సమజ్ కాకేం! ఆ రివాజు నాకు కొత్తదా? మస్కట్‌లో మా వీధి చివర కార్డు ఫోను ఉండేది. శుక్రవారం వచ్చిందంటే మన వైపు మనుషులంతా అక్కడ వరస కట్టేవాళ్లు. బాపు వేలు పట్టుకుని నేనూ నిలబడేదాన్ని. ఒకసారి మా ముందున్నాయన చేతికి మోచేతి దాకా పిండికట్టు ఉంది. రెండో చేత్తో ఫోను పట్టుకుని, "మంచిగనే ఉన్న, రంది పడకుండ్రి, మంచిగనే ఉన్న" అంటున్నాడు. అదేంటి బాపూ, చెయ్యి విరిగింది కదా అని అడిగితే, "అంత దూరంల ఉన్నోళ్లకు చెప్తే ఏంజేస్తరు? రంది పడుడు తప్ప" అన్నాడు. అటువైపు వాళ్లూ అంతేనట. ఇంట్లో మనిషి మంచం పట్టినా మంచిగున్నమనే అంటారట. ఇటు ఒక అబద్ధం, అటు ఒక అబద్ధం, మధ్యలో సముద్రం. దాన్ని మా వాళ్లు ప్రేమ అనుకునేవాళ్లు. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

హాస్టల్ అంటే పెంకుటిల్లు. నేల మీద వరసగా పరుపులు, గోడ వెంట రేకు పెట్టెలు. పక్కనే బడి. శుక్రవారం బడికి పోవాలంటే నాకు వింతగా ఉండేది. ఆ రోజు సెలవు కదా అని నేను హాస్టల్లో చేరిన మొదటి శుక్రవారం స్నానం చేసి, మంచి గౌను వేసుకుని వరండాలో కూర్చుంటే, వార్డెన్ మేడం చెవి పట్టుకుని క్లాసులోకి తోసింది. వాన వస్తే కూడా సెలవనుకున్నాను. మస్కట్‌లో వాన పడితే జనం కార్లాపి చూసేవాళ్లు. ఇక్కడ మోకాళ్ల లోతు నీళ్లలో చెప్పులు చేత పట్టుకుని అందరూ మామూలుగా నడుస్తున్నారు! అన్నంలో లబన్ పొయ్యమని అడిగితే పిల్లలు పడీపడీ నవ్వారు. "మజ్జిగ అనరాదే! గంత స్టయిలెందుకు?" అన్నారు.

నవ్వితే నవ్వనీ, అవన్నీ పడ్డాను. పడలేనిది ఒకటుంది. రోజూ పొద్దున లేచేసరికి నా దుప్పటి తడిసి ఉండేది.

తొమ్మిదేళ్ల పిల్లను. మస్కట్‌లో ఎప్పుడూ లేదు. ఇక్కడికొచ్చిన వారం నుంచే మొదలైంది. తడిసిన దుప్పటి ఎవరూ చూడకముందే పిండి పిట్టగోడ మీద వేసేదాన్ని, కానీ ఏం లాభం? నా పరుపు పక్కన ఎవరూ పడుకునేవాళ్లు కాదు. నీళ్లు తాగితే తడుస్తుందని నీళ్లు మానేశాను. అన్నంలోనూ నీళ్లుంటాయని ఒక మహామేధావి చెబితే రాత్రి అన్నం మానేశాను. చేతులు పుల్లల్లా అయ్యాయి, జ్వరం వచ్చి పోతుండేది. మొదటి శుక్రవారం రాగానే క్లాసులోంచి పిలిచేవాళ్లు. ఆఫీసు గదిలో ఫోను చెవికి పెట్టుకుంటే అటు నుంచి అమ్మ. "ఎట్లున్నవ్ బిడ్డ?" "మంచిగున్నమ్మా. నువ్వు?" "మంచిగున్న." కార్డు అయిపోయి ఫోను కట్టయ్యేది. ఇద్దరం చాలా క్రమశిక్షణ గలవాళ్లం.

ఆ హాస్టల్లో సగం మంది నాన్నలు గల్ఫ్‌లోనే ఉన్నారు. నేను మస్కట్ నుంచి వచ్చానని తెలియగానే నా చుట్టూ చేరారు. "దుబాయ్‌ల మా నాయిన కానచ్చిండా?" "సౌదీల మా కాకను చూసినవా? ఎర్ర టోపీ పెట్టుకుంటడు." నేను మస్కట్‌లో ఉన్నాను తల్లీ, సౌదీ వేరే దేశం అని చెబితే, "గదే, గల్ఫే గదా!" అని విసుక్కున్నారు. నేనే ఏదో దాస్తున్నానని వాళ్ల అనుమానం. ఒక్క పిల్ల మాత్రం వెనకాల నిలబడి, అందరూ పోయాక మెల్లగా అడిగింది. "మా నాయిన మస్కట్లనే ఉన్నడు. నిజంగ మస్కట్లనే." ఆ పిల్లది కోరుట్ల పక్క ఇబ్రహీంపట్నం దగ్గర ఊరు, నా క్లాసే. నేను చూడలేదని చెప్పాను. తల ఊపి వెళ్లిపోయింది.

ఆ వచ్చే ఆదివారం వాళ్లమ్మ వచ్చింది. ఆదివారమంటే హాస్టల్లో తల్లుల రోజు. వేపచెట్టు కింద టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చునేవాళ్లు. నాకెవరూ రారు కాబట్టి నేను ఆ రోజు గదిలోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. ఆమె నేరుగా గదిలోకే వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది, వేళ్లన్నీ పసుపు. చేతిలో తెల్ల గుడ్డలో చుట్టి నాలుగు వైపులా కుట్టిన మూట. మన దగ్గర గల్ఫ్ పోయేవాళ్ల చేతికి అట్లాగే కుట్టి ఇస్తారు, మధ్యలో ఎవరూ విప్పకుండా.

"మస్కట్ పిల్లవు నువ్వేనా బిడ్డ? ఇది మా ఆయనకు. సకినాలు, మామిడికాయ తొక్కు. సెలవులల్ల మీ అమ్మ దగ్గరికి పోతవు గదా, జర గాయనకు అందియ్యుండ్రి."

"నేను పోను పెద్దమ్మా. నా వీసా ఖతమైంది."

"అయితే ఎప్పుడు పోతవు?"

"పోను."

"ఎప్పటికీ?"

అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు, నేనూ నన్ను అడుక్కోలేదు. కొన్నాళ్లు చదివితే మళ్లీ విమానం ఎక్కిస్తారని ఎక్కడో అనుకుంటూనే ఉన్నాను.  నోరు తెరిచి ఏడ్చాను. అట్లాంటి ఏడుపు నేను మళ్లీ ఏడవలేదు. ఆమె మాత్రం కంగారు పడలేదు. మూట వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. పళ్లతో కుట్లు కొరికి విప్పింది. "ఊకో బిడ్డ, ఊకో. అయితే నువ్వే తిను" అంది. మెస్ నుంచి వేడన్నం అడిగి తెచ్చి, ఆ తొక్కు కలిపి, నోట్లో పెట్టింది. ముక్కూ కళ్లూ కారుతూనే తిన్నాను. వాళ్ల నాన్న తొక్కును నేను తింటుంటే ఆమె బిడ్డ గుమ్మంలో నిలబడి నన్ను కాల్చేసేలా చూసింది. తప్పా మరి! నేనైతే జుట్టు పట్టుకునేదాన్ని.

అప్పటి నుంచి ఆమె వచ్చినప్పుడల్లా ఇద్దరికీ కలిపే తెచ్చేది. వాళ్లది కల్లు గీసే ఇల్లు. ఆమె భర్త చెట్టు మీంచి పడి నడుం దెబ్బ తిన్నాక ఇక ఎక్కలేక, మస్కట్‌లో ఇళ్లు కట్టే పనికి పోయాడు. మొదట్లో ఫోన్లు వచ్చేవి. రెండేళ్లుగా ఏ కబురూ లేదు. ఆమె కూలికి పసుపు తవ్వుతూ, బీడీలు చుడుతూ బిడ్డను చదివిస్తోంది.

"ఆఖరిసారి మాట్లాడినప్పుడు మంచిగున్న అన్నడు," అంది ఒక ఆదివారం నా తల దువ్వుతూ. "గదే ఆఖరి మాట. మంచిగున్నోడు ఎందుకు ఫోన్ జేస్తలేడు బిడ్డ? ఉన్నడా, లేడా? గంతే నాకు తెల్వాలె. ఉంటే చాలు."

నాకు పిండికట్టు ఆయన గుర్తొచ్చాడు. మంచిగున్న అంటే ఏమిటో నాకు తెలుసు. కానీ ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు.

ఆ రోజే ఆమె పిట్టగోడ మీద నా దుప్పటి చూసింది. ఎవరిదని అడగలేదు. తీసుకుని పోయి సబ్బు పెట్టి, కసితీరా బండకేసి ఉతికి ఆరేసింది. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, "మీ అమ్మకు చెప్పినవా?" అని అడిగింది. "ఉహూ. బాపు వద్దన్నడు." నా చెయ్యి తీసుకుని మణికట్టు చుట్టూ తన వేళ్లు పెట్టి చూసింది. వేళ్లు కలిసిపోయి ఇంకా చోటు మిగిలింది. ఆమె ముఖం మారిపోయింది.

వచ్చే మొదటి శుక్రవారం ఫోను మోగగానే నేను అమ్మను ఎట్లున్నవని కూడా అడగలేదు. "బాపుకియ్యి, జల్ది" అన్నాను. పెద్దమ్మ వాళ్లాయన పేరు చెప్పి, ఇబ్రహీంపట్నం దగ్గరి మనిషిని వెతకాలని, కల్లు గీసే ఇంటాయనని, నడుం వంచి నడుస్తాడని, మెడ మీద పెద్ద పుట్టుమచ్చ ఉందని అరిచి అరిచి చెప్పాను. బాపుకు సగం వినపడలేదు. "ఎవలు? ఏ ఊరు? మళ్ల చెప్పు!" నేను మళ్లీ చెప్పాను. ఆయన ఊరి పేరు రెండుసార్లు అడిగాడు. "సరే, శుక్రవారం మనోళ్లంత కూడే కాడ అడుగుత" అన్నాడు. "అమ్మకియ్యి బాపూ" అన్నాను. "బిడ్డా..." అని అమ్మ గొంతు ఒక్కసారి వినిపించింది. కార్డు అయిపోయింది.

నెలంతా ఎదురుచూసిన ఫోను! ఆ కోపంలో క్లాసు బెంచీని తన్నితే కాలి గోరు లేచిపోయింది. ఏం మనిషినో, ఎవరి మొగుడి కోసమో నేను అమ్మను వదులుకున్నానని నా మీద నాకే ఒళ్లు మండింది. కానీ ఆదివారం ఆమె వచ్చినప్పుడు మా బాపు వెతుకుతాడట అని చెప్పేశాను.  ఆమె రెండు చేతులతో నా ముఖం పట్టుకుని, తర్వాత మెటికలు విరిచింది.

ఆ తర్వాతి మొదటి శుక్రవారం ఆమె పసుపు ఉడకబెట్టే పని మానుకుని పొద్దున బస్సుకే వచ్చి ఆఫీసు గది గుమ్మం దగ్గర కూర్చుంది. ఫోను మోగింది. నేనే తీశాను.

"దొరికిండు బిడ్డ," అన్నాడు బాపు. "నా పక్కకే ఉన్నడు. కఫీల్, గదే వీసా ఇచ్చిన సేఠు, కాడి నుంచి పారిపోయిండట, పాస్‌పోర్ట్ చేతిల లేదు. ఎక్కడనో ఖర్జూర తోటల దాక్కొని పని జేస్తుండు. పంపెతందుకు ఏం లేదని సిగ్గువడి ఫోన్ జేస్తలేడట. ఆమె ఉన్నదా?"

ఉన్నాడు! నేను ఫోను ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుంది. వార్డెన్ మేడం సరిచేసింది.  ఆమె మొదట అడిగింది, "తిన్నవా?" అని.

అవతల ఆయన ఏదో అన్నాడు. ఆమె ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది.

"మంచిగున్నవా? మంచిగున్నోనివి రెండేండ్లు ఏడ సచ్చినవ్? బొట్టు ఉంచుకోవాల్నా తుడుసుకోవాల్నా తెల్వక నేను సచ్చిన ఈడ! నిజం చెప్పు, నడుం ఎట్లున్నది? నొస్తుందా? నొస్తుందని చెప్పు, నా మీద ఒట్టు!"

వార్డెన్ మేడం చెవిలో అగ్గిపుల్ల తిప్పడం ఆపేసి కిటికీ వైపు తిరిగింది. అవతల మగమనిషి ఏడుపు నాకు కూడా వినిపిస్తోంది. ఆమె కాసేపు విన్నది. ఊ కొట్టింది. బిడ్డ బాగా చదువుతోందని చెప్పింది. అంతలో నా వైపు తిరిగి, నా మణికట్టు వైపు చూసింది.

"ఆగు, ఆగు. ఈ పిల్లను కన్న అవ్వ పక్కకే ఉన్నదా? ఆమెకియ్యి ఫోను. నేను చెప్తున్న గదా, ఇయ్యి!"

నాకు అర్థమైంది. ఫోను లాక్కోవడానికి మీద పడ్డాను. ఆమె ఒక చేత్తో నన్ను ఆపి పట్టుకుంది.

"చెల్లే, నేను ఇబ్రహీంపట్నందాన్ని. నీ బిడ్డ మంచిగ లేదు. నీకు అబద్ధం చెప్తుంది. తింటలేదు, నీళ్లు తాగుతలేదు, పక్క తడుపుకుంటుంది, పానమంత పుల్లయింది. ఇట్లనే ఉంటే దక్కదు చెల్లే. ఇగో, మాట్లాడు."

"అబద్ధం!" అని అరిచాను ఫోనులోకి. "అంత అబద్ధం, నేను మంచిగనే ఉన్న!"

 "నేను మంచిగ లేను బిడ్డ" అంది అమ్మ. "నిన్ను ఇడిసిపెట్టిన కాడి నుంచి ఒక్కనాడు మంచిగ లేను. నువ్వు గూడ చెప్పు."

ఇక నా వల్ల కాలేదు. "నాకు ఇక్కడ ఉండాలని లేదమ్మా. నీ దగ్గర పడుకోవాలె" అన్నాను. వెక్కిళ్లలో ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. "నేనస్త. ఈ కొలువు పోతే పోనీ, నేనే అస్త..." అంటుండగానే కార్డు అయిపోయింది.

అమ్మ వచ్చింది. ఎండాకాలం రాకముందే, ఆ ఇంటివాళ్లతో పోట్లాడి, రావలసిన జీతం వదులుకుని వచ్చింది. కోరుట్లలోనే ఒక గది కిరాయికి తీసుకుంది. బీడీలు చుట్టడం నేర్చుకుంది. బాపు అక్కడే మిషన్ మీద ఉండిపోయాడు. నేను అమ్మ పక్కన పడుకున్న మూడో రోజో నాలుగో రోజో దుప్పటి పొడిగా ఉంది. అమ్మ దాన్ని గుండెలకు అదుముకుని ఏడ్చింది. దుప్పటి పొడిగా ఉందని ఏడ్చిన తల్లిని మీరెక్కడైనా చూశారా?

మేం ఆ గదిలో చేరాక మొదటి ఆదివారం ఇబ్రహీంపట్నం పెద్దమ్మ తన బిడ్డను వెంటబెట్టుకుని మా గదికి వచ్చింది. అప్పటికే ఆమె భర్త మళ్లీ చోటు మారాడని, పోలీసుల భయంతో ఇంకా లోపలి తోటలకు పోయాడని బాపు చెప్పాడు. అమ్మ ఆ సంగతి చెప్పలేక చెప్పి, ఆమె చేతులు పట్టుకుంది.

"రెండేండ్లకు దొరికిన మొగడు అక్కా. పొద్దుందాక మాట్లాడుకున్నా తనివి తీరకపోవు. నడుమ నా బిడ్డ కోసం ఫోన్ ఎందుకు ఇడిసినవు?"

ఆమె వంగి మా పిల్లలిద్దరి కంచాల్లో అన్నం వడ్డిస్తోంది. తల ఎత్తకుండానే అంది. "గాయన ఉన్నడని తెలిసింది గదా చెల్లే. రెండేండ్లు ఆగిన, ఇంకో నెల ఆగుత అనుకున్న. పోరి ఆగుతదా?"

ఆయన తిరిగి వచ్చేసరికి నేనూ, వాళ్ల బిడ్డా పదో తరగతిలో ఉన్నాం. మధ్యలో బతికే ఉన్నాడన్న కబురు మనుషుల చేత అప్పుడప్పుడూ వచ్చేది, అంతే. అన్నేళ్లలో ఆమె ఆయన గొంతు విన్నది ఆ ఒక్క శుక్రవారమే. అందులో సగం నాకిచ్చేసింది.